కాజాలాయన ఇంటిపన్ను

కాజాలాయన గొంతు ఎలా ఉంటుందో మా సందులో చాలామందికి తెలియదు. ఇరవై ఏళ్ళుగా నా కొట్టు ఎదురు మేడమీద ఉంటున్నాడు, అయినా పాలవాడు ఆయన్ని మూగవాడనే అనుకున్నాడు. కాదని నాకు తెలుసు. ఏడాదికి ఒక్కరోజు ఆ మనిషి నోరు విప్పాడంటే మేడ కప్పు లేచిపోతుంది. అది ఇంటిపన్ను రోజు.

ముందు ఆయన పని సంగతి చెప్పాలి. మా సందునిండా దర్జీ కొట్లే. వాళ్ళు చొక్కాలూ కోట్లూ కుట్టి, గుండీల పట్టీ దాకా తెచ్చి ఆపేస్తారు. ఆ పట్టీలో కంతలు కోసి, అంచు పీచు లేవకుండా దారంతో అల్లి, ఎదురు పట్టీకి గుండీలు కుట్టడం వేరే వాళ్ళ పని. కాజాల పని అంటారు దాన్ని. మిషన్లు వచ్చాక చాలామంది మానేశారు. కోటుకి చేతి కాజాయే అందం అని పట్టుబట్టే దర్జీలు కొందరు మిగిలారు కాబట్టి ఈయనా మిగిలాడు. ఆయన కుట్టిన గుండీ, బట్ట చిరిగినా ఊడదని దర్జీలు చెప్పుకుంటారు. ఆ మాట ఆయన ఎదుట ఎవరూ అనరు, అంటే రేటు పెంచుతాడని భయం. ఆయన రేటు పెంచే మనిషైతే ఈ కథే ఉండేది కాదు.

మూట వచ్చిందంటే కింద నుంచి ఒక ఈల వేస్తారు. ఆయన కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దింపుతాడు. మూట పైకి పోతుంది, పని అయ్యాక అదే బుట్టలో కిందికి వస్తుంది. ఎవరూ మెట్లు ఎక్కే పనిలేదు. ఆ ఏర్పాటు ఆయన సొంత తెలివే. "పైకి వచ్చినవాళ్ళు ఊరికే పోరు చెల్లెమ్మా, కబుర్లు పెడతారు, పని పాడవుతుంది" అని నాతో ఒకసారి చెప్పాడు. తర్వాత్తర్వాత కబుర్లు పెట్టే మనుషులు పోయారు. బుట్ట మాత్రం దిగుతూనే ఉంది, ఎక్కుతూనే ఉంది.

పెళ్ళయింది ఆయనకి. నిలవలేదు. కొట్టుకున్నదీ లేదు, తిట్టుకున్నదీ లేదు. పొద్దస్తమానం పళ్ళ మధ్య దారం కొస పట్టుకుని పనిచేసే మనిషి, పెళ్ళాం ఏదడిగినా "ఊఁ" అనేవాడట. కూర బాగుందా అంటే ఊఁ. మా అమ్మను చూసి రానా అంటే ఊఁ. ఆమె వెళ్ళింది. ఇక ఇక్కడే ఉండిపోనా, అని అక్కడి నుంచి కబురు పెట్టింది. దానికి ఏమని జవాబు పంపాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఒక తమ్ముడున్నాడు, ఎక్కడో. ఏదైనా పనుంటే ఫోన్ చేస్తాడు. తమ్ముడికి ఈయనతో పనేముంటుంది?

ఇక నా సంగతి. నాది జిరాక్స్ కొట్టు. కొట్టు సొంతం, ఉండే ఇల్లు అద్దె. అంటే ఓనర్లని తిట్టే హక్కూ ఉంది, అద్దెవాళ్ళ చేత తిట్లు తినే యోగమూ ఉంది. అందుకే కాజాలాయనకీ ఆయన ఇంటి ఓనరమ్మకీ మధ్యవర్తిగా నన్ను కూర్చోబెట్టారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన వెక్కిరించేవాడు. ఆయనకేం తెలుసు, నేను ఆ రోజు కోసం ఎంత ఎదురుచూసేదాన్నో.

తగువు పుట్టింది ఇలా. ఆ మేడ భాగాన్ని కాజాలాయనకి అద్దెకిచ్చింది ఓనరమ్మ భర్త. కాగితం రాసుకోలేదు, నోటిమాటే. ఇంటిపన్ను ఎవరు కట్టాలండీ అని ఈయన అడిగితే, "దాని సంగతి తర్వాత చూసుకుందాంలే" అన్నాడట ఆ పెద్దాయన. ఆ ఏడే పోయాడు. మొదటి నోటీసు పట్టుకుని ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. నువ్వే కట్టాలి అందామె. ఇల్లు మీది, పన్ను మీది అన్నాడీయన. కింద భాగంలో రంగుల డబ్బాల గోడౌను ఉంది, దాని తలుపులు ఎప్పుడో తప్ప తీయరు. గోడౌను వాడు ఆమె అడగ్గానే కట్టేశాడు, పాపం, తెలివితక్కువవాడు. మేడమీద మాత్రం వాదన తెగలేదు. అరుపులు విని ఏ ప్రమాదమో అనుకుని పరుగెత్తుకెళ్ళాను. అదే నా మధ్యవర్తిత్వానికి మొదలు.

ఓనరమ్మ అప్పటికే కూతురి దగ్గర ఉంటోంది, ఊరికి అవతలి కొసన. అద్దె నెలనెలా బ్యాంకులో పడిపోతుంది కాబట్టి ఆమె రావాల్సిన పని మరేదీ లేదు. చలికాలం మొదట్లో మున్సిపాలిటీ నోటీసు పంపేది, అది పట్టుకుని ఆమె వచ్చేది. ఏడాదంతటిలో ఆ మెట్లు ఎక్కి, ఆ గుమ్మం దాటి, ఆ గదిలో కుర్చీలో కూర్చునే మనిషి ఆమె ఒక్కతే.

ఆమె రాకకి రెండు వారాల ముందే కాజాలాయన మారిపోయేవాడు. నా కొట్లోంచి చూస్తే ఆయన కిటికీ సగం కనబడుతుంది. గది ఈ గోడ నుంచి ఆ గోడకి దండెం, దానిమీద కాజాలు అయిన చొక్కాలు వరసగా వేలాడుతుంటాయి. ఆయన వాటి ముందు నిలబడి చేతులు తిప్పుతూ మాట్లాడేవాడు. ఒక చొక్కాకేసి వేలు చూపి ఏదో అడిగేవాడు, రెండడుగులు పక్కకి జరిగి దానికి తనే జవాబు చెప్పేవాడు. మొదటిసారి చూసినప్పుడు మతి పోయిందేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది, వాదన తయారవుతోందని. ఆ రోజుల్లో ఆయన నా కొట్టుకి వచ్చి ఒక్క మాట అడిగేవాడు. "నోటీసులు వచ్చాయా చెల్లెమ్మా?" వచ్చాయంటే, పెళ్ళికొడుకు గడ్డం గీయించుకోవడానికి పోయినట్టు గబగబా వెళ్ళిపోయేవాడు. కుర్చీ మీది కోట్లు తీసి గోడకి తగిలించేవాడు. బిస్కెట్ల పొట్లం కొనేవాడు.

ఓనరమ్మ వచ్చేది, సన్నటి మనిషి, కంచుగొంతు. మెట్లమీద నుంచే మొదలయ్యేది.

"ఏమయ్యా, ఉన్నావా?"

"ఎక్కడికి పోతానండీ. రండి. మోకాళ్ళెలా ఉన్నాయి?"

"మోకాళ్ళు తప్ప అన్నీ బాగున్నాయి. అమ్మాయ్, నువ్వూ వచ్చావా? సరే, కూర్చో. ఈసారి ఇతగాడి పక్కకి మొగ్గావంటే ఊరుకోను."

"పోయినసారి మీ పక్కకే మొగ్గానని ఈయన నాతో మాట్లాడటం మానేశాడు కదండీ," అన్నాను ఒక ఏడు.

"నీతో ఎప్పుడు మాట్లాడాడు గనక మానడానికి!" అందామె. కాజాలాయన తల వంచుకుని నవ్వాడు. నవ్వుతాడని కూడా సందులో ఎవరికీ తెలియదు.

ఆమె ముందు మొదలుపెట్టేది. "ఈ సందు రోడ్డు మీద నడిచేదెవరు? నువ్వు. వీధి దీపం వెలుగు ఎవరి గదిలో పడుతోంది? నీ గదిలో. చెత్తబండి ఎత్తుకుపోయేది ఎవరి చెత్త? నీ దారప్పోగులు. నేనుండేది మా అమ్మాయి దగ్గర. అక్కడి రోడ్డుకి అక్కడ కడుతున్నాం. ఒక మనిషి రెండు రోడ్ల మీద ఒకేసారి ఎలా నడుస్తుందయ్యా?"

"రోడ్డు వేస్తే ఇంటి ధర పెరిగిందా లేదా? ఆ ధర ఎవరికండీ? మీకు. రోడ్డు బాగుందని అద్దె పెంచిందెవరు? మీరు. పెరిగిన అద్దె కట్టేది నేను. రోడ్డుకి పన్నూ నేనే కట్టి, రోడ్డు పడినందుకు అద్దే నేనే కట్టాలా? గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. అసలు మీరు తీసుకునే అద్దెలోనే పన్ను కలిసుంది."

"ఆహా! అలాగైతే నీ కాజా రేటులో నా అద్దె కలిసి లేదూ? నువ్వు నాకు కట్టేది దర్జీ దగ్గర లాగుతున్నావు, దర్జీ చొక్కా తొడుక్కునేవాడి దగ్గర లాగుతున్నాడు. అంటే నా ఇంటిపన్ను ఎవడో మొహం తెలియనివాడు కడుతున్నాడు. మరి నీ బాధేమిటి?"

నాకు ఆ మాట చాలా నచ్చింది. నిజానికి ఇద్దరి మాటలూ నచ్చేవి, అదే నాతో వచ్చిన చిక్కు. ఆమె చెప్తుంటే ఉండేవాడే కట్టాలి కదా అనిపించేది. ఆయన చెప్తుంటే ఇల్లున్నవాళ్ళే కట్టాలి, ఇంకెవరు కడతారు అనిపించేది. మున్సిపాలిటీ వాళ్ళని అడగచ్చు కదా అని ఒకసారి తెలివిగా అన్నాను. ఇద్దరూ నావైపు ఒకేసారి చూశారు, భోజనం మధ్యలో విస్తరి లాగేసిన మనిషిని చూసినట్టు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

"సరే అమ్మగారూ, ఒకటి చెప్పండి," అన్నాడాయన ఇంకో ఏడు. "ఇల్లు ఖాళీగా ఉందనుకోండి. అప్పుడు పన్నెవరు కడతారు? గోడలు కడతాయా?"

"నువ్వు ఖాళీ చేస్తేగా!"

ఆయన సూది తీసుకుని దారం ఎక్కించడం మొదలుపెట్టాడు.

సూది ఎందుకంటే, ఆమెకి చలి ఎక్కువ, ఎప్పుడూ బూడిదరంగు ఊలు స్వెటరు వేసుకుని వచ్చేది. దానికి రెండో గుండీ ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. ఊడిన గుండీ కళ్ళబడితే ఆయన ఉండలేడు. "ముందు అది ఇటివ్వండి, తర్వాత వాదిద్దాం" అనేవాడు. ఆమె స్వెటరు విప్పి ఇచ్చి, చేతులు కట్టుకుని కూర్చునేది. ఆయన గుండీ కుడుతూనే మున్సిపాలిటీని దులిపేసేవాడు. నాలుగో ఏడో ఐదో ఏడో నాకు అనుమానం వచ్చింది. బట్ట చిరిగినా గుండీ ఊడదని పేరున్న మనిషి, ఏటా ఒకే గుండీ కుట్టడమేమిటి, ఏటా అదే ఊడటమేమిటి? దగ్గరగా చూశాను. ఆయన కుట్టిన మిగతా గుండీలకి నాలుగు కంతల్లోంచీ దారం వెళ్ళి అడుగున మెడలా చుట్టి ఉంటుంది. దీనికి రెండు కంతల్లోంచే వెళ్ళింది, ముడి కూడా వదులు. ఆయన నా చూపు గమనించాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, చెత్తబండి ఇంకా రాలేదేమిటో అన్నాను.

చివరికి ప్రతిసారీ తీర్పు ఒకటే. తిలాపాపం తలా పిడికెడు, చెరిసగం కట్టుకోండి అనేదాన్ని. ఇద్దరికీ అన్యాయం జరిగినట్టు మొహాలు పెట్టేవారు. ఆమె లేస్తూ, "వచ్చే ఏడు చూస్తాను నీ సంగతి" అనేది. ఆయన మెట్ల దాకా వచ్చి, "రండి, చూద్దాం" అనేవాడు. రండి అన్న మాటని ఆయన ఎంత గట్టిగా అనేవాడో విన్నదాన్ని కాబట్టి చెప్తున్నాను, ఆయనకి పన్ను మీద పట్టింపు లేదు. పెళ్ళానికి చెప్పలేకపోయిన మాటలన్నీ ఆ ఒక్కరోజున మున్సిపాలిటీ మీద పెట్టి చెప్పుకునేవాడు. మిగతా ఏడాదంతా బుట్ట.

పోయినేడు చలి మొదలైంది. నోటీసులు వచ్చాయి. ఆయన కుర్చీ ఖాళీ చేశాడు. దండెం ముందు నిలబడి చేతులు తిప్పడం చూశాను. ఈసారి కొత్త వాదన ఏదో దొరికినట్టుంది, చాలా హుషారుగా ఉన్నాడు. రోజులు పోతున్నాయి, ఓనరమ్మ రాలేదు. ఆయన కిటికీలోంచి సందు మొగవైపు చూడటం, ఎవరైనా చూస్తున్నారేమోనని లోపలికి పోవడం. ఆఖరికి ఓనరమ్మ అల్లుడు నా కొట్టుకి ఫోన్ చేశాడు.

"ఆంటీ, మా అత్తగారు ఈసారి రారు. మోకాళ్ళు బాగా పట్టేశాయి. పన్ను మొత్తం మేమే ఫోన్‌లో కట్టేశాం. ఆయన ఏమీ ఇవ్వక్కర్లేదని చెప్పండి."

"మొత్తమా?"

"మొత్తం. సగం సగం గొడవెందుకు చెప్పండి, ఏటా."

మంచి కుర్రాడు. ఒకరికి మేలు చేశానన్న సంతోషం గొంతులో వినిపించింది. నేను కొట్టు వదిలి మెట్లెక్కాను. కాజాలాయన నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని మెట్లకేసి చూశాడు.

"అన్నయ్యగారూ, ఓనరమ్మగారు పన్నంతా కట్టేశారట. మీరేమీ ఇవ్వక్కర్లేదట."

"కట్టేశారా?"

"కట్టేశారు. మీరే గెలిచారు."

"గెలిచానా?" అన్నాడు. తర్వాత బిస్కెట్ల పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పిల్లలకివ్వండి చెల్లెమ్మా." గోడకి తగిలించిన కోట్లు ఒక్కొక్కటే తీసి మళ్ళీ కుర్చీ మీద వేశాడు. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. దిగి వచ్చేశాను.

ఆ వారం ఆయన పనిలో తప్పు దొర్లింది. ఒక దర్జీ చొక్కా పట్టుకుని వచ్చి నా కొట్టు ముందే నిలబడి పైకి అరిచాడు. కాజాలన్నీ కుట్టాడు, గుండీలు ఒక్కటీ కుట్టలేదు. బుట్ట దిగింది, చొక్కా పైకి పోయింది.

ఆదివారం పొద్దున్నే ఆయన కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఉతికిన బట్టలు, దువ్విన తల.

"చెల్లెమ్మా, ఇది అన్యాయం."

"ఏది?"

"ఆవిడ కట్టడం. ఈ రోడ్డు మీద నడిచేది నేను. దీపం వెలుగు నా గదిలో పడుతోంది. ఆవిడ అక్కడెక్కడో ఉంటూ ఇక్కడి దీపానికి కట్టడమేమిటి? వెళ్ళి చెప్పాలి. మీరూ రండి, మధ్యవర్తి లేకుండా వాదించడం పద్ధతి కాదు."

నవ్వొచ్చింది నాకు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఇరవై ఏళ్ళు నేను కట్టనంటూ పోట్లాడినవాడు, ఇప్పుడు నేనే కడతానంటూ పోట్లాడటానికి బస్సెక్కుతున్నాడు. నవ్వాను గానీ ఆయన మొహం చూసి ఆపేశాను. కొట్టు మూసి వెంట వెళ్ళాను.

బస్సులో ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. రెండు బస్సులు మారాం. ఇన్నేళ్ళలో ఆయన ఆవైపు వెళ్ళడం అదే మొదటిసారట. ఆమె ప్రతి ఏడూ ఇంత దూరం వస్తుందని తనకి తెలియదన్నాడు. "ఇంత దూరమా," అని రెండుసార్లు అన్నాడు.

అల్లుడు తలుపు తీశాడు. ముందు కంగారు పడ్డాడు. "ఏమైనా ఇబ్బందా అంకుల్? కుళాయా? కప్పు కారుతోందా?"

"లేదు బాబూ, అన్నీ బాగున్నాయి."

"మరి?"

అన్నీ బాగున్నప్పుడు ఒక మనిషి ఇంకో మనిషి ఇంటికి ఎందుకొస్తాడో చెప్పడం కాజాలాయనకి చేతకాలేదు. నేనే అందుకుని, "పన్ను విషయం మాట్లాడాలట," అన్నాను. అల్లుడు మొహం తేటపడింది. లోపలికి తీసుకెళ్ళాడు.

ఓనరమ్మ ముందుగదిలో వాలుకుర్చీలో ఉంది, కాళ్ళు స్టూలు మీద చాపుకుని. మమ్మల్ని చూసి లేవబోయింది, కుదరలేదు.

"ఏమయ్యా, ఇంత దూరం వచ్చావేమిటి? గెలిచావుగా!"

"గెలవలేదండీ. మీరు కట్టడం న్యాయం కాదు. రోడ్డు మీద నడిచేది నేను. దీపం నాది. చెత్త నాది. ఎవరు వాడుకుంటే వాళ్ళు కట్టాలి. మీరు కట్టింది నేను ఇచ్చేస్తాను."

ఆమె కళ్ళు మెరిశాయి. చేతికర్ర పక్కకి పెట్టి నిటారుగా కూర్చుంది. "అదెలా కుదురుతుందయ్యా? రోడ్డు వేస్తే ధర పెరిగేది నా ఇంటికి. పెంచిన అద్దె తీసుకునేది నేను. ఇల్లు నాది, పన్ను నాది. గోరుచుట్టు మీద రోకటి పోటు నీకెందుకు?"

"అమ్మగారూ, నా అద్దె నేను దర్జీ దగ్గర లాగుతున్నానుగా! ఎవడో మొహం తెలియనివాడు కడుతున్నాడుగా! మీకేమిటి బాధ?"

"ఇల్లు ఖాళీగా ఉంటే గోడలు కడతాయా అన్నావు నువ్వు. ఏదీ, దానికి జవాబు చెప్పు!"

ఎవరి మాట ఎవరిదో నాకు అయోమయంగా ఉంది. ఇద్దరి గొంతులూ పెరిగాయి. కాఫీ తెచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. అల్లుడు ఫోన్‌లోంచి తలెత్తి, "ఇంతకీ ఆయన డబ్బులు ఇస్తానంటున్నారా, ఇవ్వనంటున్నారా?" అని నన్ను అడిగాడు. ఓనరమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. కాజాలాయన కూడా పైకే నవ్వాడు. ఎంత బాగుందో ఆ కాసేపు! ఇక ప్రతి ఏడూ నేనే ఈయన్ని ఇక్కడికి తీసుకొస్తాను, బస్సు ఛార్జీలు పోతే పోయాయి అనుకున్నాను.

నవ్వు ఆగాక ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని, తాగకుండా కూర్చుంది.

"చెప్పకూడదనుకున్నాను. చెప్పాలిగా. ఇల్లు అమ్మేస్తున్నాం అబ్బాయ్."

అబ్బాయ్ అని ఆమె ఆయన్ని ఎప్పుడూ పిలవలేదు.

"ఈ మోకాళ్ళతో ఆ మెట్లు ఇక ఎక్కలేను. వీళ్ళకీ అవసరాలున్నాయి. బకాయి ఉంటే రిజిస్ట్రేషన్ కాదన్నారు, అందుకని మొత్తం కట్టేశారు. నిన్ను ఖాళీ చేయించవద్దని కొనేవాళ్ళకి గట్టిగా చెప్పాను, ఒప్పుకున్నారు. నువ్వెక్కడికీ పోనక్కర్లేదు."

"ముందే చెప్పాల్సిందండీ."

"చెబితే వాదిస్తావని."

"దీనికి వాదనేముందండీ," అన్నాడాయన నెమ్మదిగా. "ఇల్లు మీది."

ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది. "ఆ కొత్తాయన గడుసువాడులా ఉన్నాడు. పన్ను నిన్నే కట్టమంటాడు. ఊరుకోకు. నాతో పోట్లాడినట్టే పోట్లాడు, వింటున్నావా?"

"ఆయనతో నేనెందుకు పోట్లాడతానండీ?" అన్నాడు. "అడిగితే కట్టేస్తాను."

ఓనరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. కూతురికి కాఫీలో చక్కెర తక్కువైందని ఏదో చెప్పింది. వచ్చేటప్పుడు ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. ఆమె వచ్చే ఏడు చూస్తాను అనలేదు, ఈయన రండి అనలేదు.

ఇల్లు చేతులు మారింది. తర్వాత నేను ఒకటి రెండుసార్లు మెట్లెక్కాను, ఊరికే. కుర్చీ మీద కోట్లు తనే తీసి నన్ను కూర్చోమన్నాడు. ఏదైనా మాట పెంచుదామని, "అన్నయ్యగారూ, ఎవరేమన్నా అద్దెకున్నవాళ్ళే పన్ను కట్టాలండీ, న్యాయం అదే" అని రెచ్చగొట్టాను. "అవును చెల్లెమ్మా," అన్నాడు, పళ్ళ మధ్య దారం పట్టుకుని. కాసేపు ఆగి, "కాదు, ఓనర్లే కట్టాలి" అన్నాను. దానికీ, "ఊఁ, అదీ నిజమే" అన్నాడు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఓనరమ్మలా పోట్లాడటం నాకు రాదు. నాకు కోపం వస్తుంది గానీ, ఆ కోపం ఆయనకి కావలసిన కోపం కాదు.

ఈ ఏడు నోటీసులొచ్చాయి. కొత్త ఓనరు ఏవో కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి నా కొట్టుకే వచ్చాడు. చలాకీ మనిషి. తాళంచెవుల గుత్తి వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"మీ ఎదురు మేడమీదాయన చాలా నెమ్మదస్తుడండీ. పన్ను మీరే కట్టుకోవాలి అన్నాను. సరే అన్నాడు. మొత్తమండీ! సగం అడుగుతాడేమో, బేరమాడదామని సిద్ధంగా ఉన్నాను. ఎందుకని కూడా అడగలేదు."

"మీరు పైకి వెళ్ళారా?" అన్నాను.

"పైకెందుకండీ? ఫోన్ చేశాను. ఒక్క నిమిషం పట్టలేదు." కాగితాలు సర్దుకుని సంచిలో పెట్టుకున్నాడు. "అలాంటివాళ్ళు దొరకరండీ ఈ రోజుల్లో."

దొరకరు, అన్నాను.